భుజం కింద నీలం

రంగు మార్చిన ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మను, అంటే మడిస్తే బండో విమానమో అయ్యే మరమనిషి బొమ్మను, ఎవరైనా నా చేతికిస్తే ముందు భుజం తిప్పి చూస్తాను. చెయ్యి పైకి లేపి చంకలో వేలు పెడతాను. తరవాత బొమ్మను బండిగా మడుస్తాను, మళ్ళీ మనిషిగా విప్పుతాను. రంగు గురించి మాట్లాడేసరికి పది నిమిషాలు అవుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. "అన్నా, ముందు ఫినిషింగ్ చూడన్నా" అంటారు. ఫినిషింగ్ ఎక్కడికీ పోదు. కీళ్ళ దగ్గర ఏం జరిగిందో తెలిస్తే ఆ రంగు వేసిన మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

విశాఖలో ఈ బొమ్మలంటే ప్రాణం పెట్టేవాళ్ళం ఓ పదిహేను మందిమి ఉంటాం. బ్యాంకు ఉద్యోగి ఒకాయన, స్టీల్‌ప్లాంటులో చేసే ఆయన ఒకరు, మిగతావాళ్ళు ఎక్కువగా చదువుకునే పిల్లలు. ఏటా సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం ఎంవీపీ కాలనీలో ఒకరింటి మేడ మీద గదిలో కలుస్తాం. బల్ల మీద పాత పేపర్లు పరిచి, ఎవరు ఏ బొమ్మకు ఏ రంగు వేశారో తెచ్చి పెడతారు. అందులో ఏది బాగుందో చెప్పే పని ఆరేళ్ళుగా నాకు అప్పగించారు. బహుమతి అంటూ పెద్దగా ఏమీ లేదు. అందరూ తలో కొంత వేసుకుని కొన్న పెయింటు సీసాలు గెలిచినవాళ్ళకు ఇస్తాం. అయినా ఆ రోజు పొద్దున్న లేచినప్పటి నుంచి నాకు టెన్షనే. ఒక్కో బొమ్మ వెనక రెండు మూడు నెలల రాత్రులు ఉంటాయని తెలుసు.

ఈ భుజం తిప్పే అలవాటు నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన షిప్‌యార్డులో పెయింటరు.

మా తాత కూడా అక్కడే. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడను నీళ్ళలోకి దింపిన రోజు తాత ఆ జనంలో ఉన్నాడు. అప్పట్లో అది సింధియా కంపెనీది. పేరు హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారి ఎన్ని దశాబ్దాలైనా మా ఇళ్ళల్లో "సింధియాలో పని" అనే అంటారు, బస్సు ఎక్కినా సింధియా అనే టికెట్ అడుగుతారు. నాన్న డ్యూటీ నుంచి రాగానే పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని చేతులకు కిరసనాయిలు రాసుకుని, తరవాత సబ్బుతో కడుక్కునేవాడు. ఎంత కడిగినా గోళ్ళ అంచుల్లో ఎర్ర రంగు ఉండేది. చాలా ఏళ్ళు నేను అందరి నాన్నల గోళ్ళూ అలాగే ఉంటాయనుకున్నాను.

ఆయనతో రోడ్డు మీద నడవడం అంటే గేట్లు, గ్రిల్స్, కరెంటు స్తంభాలు అన్నీ చూసుకుంటూ నడవడం. కొత్తగా రంగు వేసిన గేటు కనిపిస్తే ఆగి, కింది మూల దగ్గర వంగి చూసేవాడు. "ముందు తుప్పు సూడు నానా, తరవాత రంగు సూడు" అనేవాడు. తుప్పు గోకకుండా పైన మెరుగు రంగు వేస్తే ఆరు నెలల్లో బుడగలు లేస్తాయి. ఓడకైతే ఇసుకో గ్రిట్టో కొట్టి ఇనుమును తెల్లగా చేసి, ఆ పూటే ప్రైమర్ వేసెయ్యాలి. మా ఊరి గాలిలో ఉప్పు ఉంటుంది, తెల్లారేదాకా వదిలేస్తే మళ్ళీ తుప్పు మొదలు. నీటి గీత కింద వేసే ఎర్ర రంగు అందం కోసం వేసేది కాదని, ఓడ అడుగుకు గుల్లలు, పాచి పట్టకుండా దానిలో రాగి మందు కలుస్తుందని నాకు ఏడో ఏటే తెలుసు. రంగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారని, అందుకు చిన్న దువ్వెనలాంటి పరికరం ఉంటుందని కూడా ఆయనే చూపించాడు.

ఆ బొమ్మ మా ఇంట్లోకి వచ్చింది 1987 వేసవిలో. మా మావయ్య ఓడల్లో పనిచేసేవాడు. సింగపూర్ నుంచి వస్తూ అమ్మకు చీర, నాన్నకు వాచీ, నాకు ఒక నీలం విమానం తెచ్చాడు. దాని ముక్కు మడిచి, చేతులు బయటికి లాగి, పిడికిళ్ళు తగిలిస్తే మనిషైపోయేది. మళ్ళీ అన్నీ విప్పి సర్దితే విమానం. రెక్కలు వేరు, తోక ముక్కలు వేరు, పిడికిళ్ళు వేరు. నేను ఆ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటే కాలికి రెక్క గుచ్చుకుని లేచాను.

నెల తిరక్కుండా ఎదురు క్వార్టర్స్‌లో నా స్నేహితుడికి వాళ్ళ బాబాయి కువైట్ నుంచి ఇంకో విమానం తెచ్చాడు. అదే విమానం! అదే ముక్కు, అదే రెక్కలు, అవే పిడికిళ్ళు. కానీ వాడిది బూడిద తెలుపు ఒంటి మీద ఎరుపు, నీలం. రెండూ గచ్చు మీద పక్కపక్కన పెట్టి ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వాడన్నాడు: "నాదే అసలుది. రంగులు అయిపోతే మిగిలినవాటికి నీలం వేసుంటారు." నేను ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

నాన్న ఆ సాయంత్రం రెండు బొమ్మలూ తెప్పించాడు. గుమ్మంలో వెలుతురుకు పెట్టి, ఒక్కో ముక్కా విప్పి, లోపలివైపు గోటితో తడిమాడు. అచ్చు రెండు సగాలూ కలిసే చోట సన్నటి గీత ఉంటుంది. ఆ గీత రెండింటిలోనూ ఒకే చోట ఉంది. "అచ్చు ఒకటే," అన్నాడు. నా మొహం ఇంకా వాడిపోయింది. అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ ఈ విషయంలో మొదటి పాఠం. "మా కాడ ఒకే డ్రాయింగ్ మీద రెండు మూడు ఓడలు కడతాం. సిస్టర్ షిప్పులంటారు. పేరు ఏరు, కెప్టెన్ ఏరు, అది తిరిగే సముద్రం ఏరు. రెండోది దొంగ ఓడ అని ఎవుడైనా అంటాడేటి?"

నా స్నేహితుడు ఆ మాటతో ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. నా విమానానికి లోకంలో ఎవరికీ లేని రంగు కావాలన్నాను. ఏ రంగు అని అడిగాడు. ఆ రోజుల్లో కొండ మలుపు తిరిగితే చాలు, నేవీ ఓడలు కనిపించేవి. వాటి రంగు అన్నాను.

మల్కాపురంలో చిన్న డబ్బా ఎనామిల్ కొని, అందులో నలుపు చుక్కలు కలిపి, అట్టముక్క మీద రాసి ఆరబెట్టి, చాలకపోతే మళ్ళీ కలిపి, ఆదివారం పొద్దున్నంతా ఆ బూడిద రంగు కోసమే గడిపాడు. తడిగా ఉన్నప్పటి రంగు, ఆరాక రంగు ఒకటి కావని నాకు అప్పుడే తెలిసింది. తరవాత అలవాటు కొద్దీ బొమ్మను థిన్నర్ గుడ్డతో తుడిచాడు. ఇనుము కదా ఆయనకు తెలిసింది. రెక్క మీద ప్లాస్టిక్ మెత్తబడి, గుడ్డ పోగులు అంటుకుపోయాయి. నాన్న మొహం అంతగా మాడిపోవడం నేను అంతకుముందు చూడలేదు. వెంటనే సబ్బునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, మెత్తటి ఎమరీ పేపరుతో రెండు రోజులు రుద్ది ఆ గాయాన్ని చదును చేశాడు. ఆ ఎడమ రెక్క ఇప్పటికీ కాస్త పల్చగా ఉంటుంది.

రంగు వేశాక వారం రోజులు ముట్టుకోవద్దన్నాడు. ఎనిమిదో రోజు భుజం తిప్పబోతే తిరగలేదు. రెక్క తొడిగే గాడి రంగుతో నిండిపోయి రెక్క ఎక్కలేదు. కాస్త బలంగా తిప్పితే భుజం చుట్టూ రంగు పెచ్చుగా లేచింది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు ఆలోచించాడు. "ఓడ కదిలినా రేకు కదల్దు. ఇది ఒళ్ళంతా కదుల్తాది. కీళ్ళు ఒగ్గీయాలి" అన్నాడు. బ్లేడుతో కీళ్ళ దగ్గర, గాళ్ళలో రంగు మొత్తం గోకేశాడు. అంచు చెదిరినట్టు ఉండకుండా, గీత గీసినట్టు సాఫుగా ఆపాడు. అలా నా విమానం పైకి నేవీ బూడిద. భుజం తిప్పినప్పుడు, ముక్కు మడిచినప్పుడు మాత్రం లోపల్నుంచి నీలం కనిపించేది. ఎదురింటి వాడు అది చూసి, తనదానికి కూడా అలాగే చెయ్యమని వాళ్ళ నాన్నను పీడించాడు.

ఆ బొమ్మల పేర్లు నాకు 2000 తరవాత గానీ తెలియలేదు. ద్వారకానగర్‌లో నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే తెలిసింది: నాది థండర్‌క్రాకర్, వాడిది స్టార్‌స్క్రీమ్. స్కైవార్ప్ అని నలుపు ఊదా రంగుల్లో ఇంకోటి ఉంది. మూడూ 1984లో వచ్చినవే, మూడూ ఎఫ్-15 యుద్ధవిమానాలే, మూడింటికీ అచ్చు ఒకటే. ఆ మరుసటి ఏడు రెక్కల ఆకారం మార్చి ఇంకో మూడు తెచ్చారు. ఆ అచ్చులు వాటిని అమ్మిన అమెరికా కంపెనీ హాస్‌బ్రో సొంతంగా చేయించినవి కూడా కాదు. జపాన్‌లో టకారా కంపెనీ 1980లో మొదలుపెట్టిన డయాక్లోన్ బొమ్మలవీ, మైక్రోమాన్ బొమ్మలవీ తీసుకుని, కొత్త పేర్లు పెట్టి, కొత్త రంగులు వేసి అమెరికాలో అమ్మారు. అంటే మొదట్లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావరకు ఒక రకంగా పేరో రంగో మార్చిన బొమ్మలే. ఎవరిది అసలుదని మేం గచ్చు మీద కొట్టుకున్న గొడవకు అర్థమే లేదని ఆ రోజు తెలిసి, ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "సెప్పేను గదా, సిస్టర్ షిప్పులని" అన్నాడు.

ఎందుకలా చేస్తారంటే కారణం ఉక్కు. ప్లాస్టిక్‌ను పోసే అచ్చు గట్టి ఉక్కుతో చేస్తారు, దానికయ్యే ఖర్చు చాలా పెద్దది. ఒకసారి అచ్చు తయారైతే అందులో ఎర్ర గుళికలు పోస్తే ఎర్ర బొమ్మ, నీలం గుళికలు పోస్తే నీలం బొమ్మ. కాబట్టి కంపెనీ రీపెయింట్‌లో ఎక్కువ భాగం పైన వేసిన పెయింటు కానే కాదు, ప్లాస్టిక్‌లోనే కలిసిపోయిన రంగు. కళ్ళు, గుర్తులు, చారలు మాత్రం స్ప్రే తోనో, ట్యాంపో అనే మెత్తటి దిమ్మ అచ్చుతోనో పైన వేస్తారు. అందుకే మాలో తెలిసినవాళ్ళు రంగు మాత్రమే మారితే రీడెకో అని, అచ్చులో భాగాలు కూడా మారితే రీటూల్ అని విడిగా అంటారు. ఇంట్లో కూర్చుని కుంచెతోనో, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తోనో వేసేదే నిజమైన రీపెయింట్.

దీన్ని ఆలోచించినప్పుడల్లా నాకు ఏటికొప్పాక గుర్తొస్తుంది. మా అమ్మమ్మగారిది ఎలమంచిలి. సెలవులకు వెళ్తే లక్కపిడతలు కొనిపెట్టేది. అక్కడ లేతు మిషను మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. కుంచె అనేదే ఉండదు. ఎన్నేళ్ళు ఆడినా ఆ రంగు పెచ్చులూడదు. ప్లాస్టిక్‌లో కలిపిన రంగుకూ ఆ లక్కకూ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది నాకు. బొమ్మకు రంగు బట్టలా ఉండకూడదు, ఒంటి రంగులా ఉండాలి. ఇంట్లో వేసే మనకు ఆ సౌకర్యం లేదు, అందుకే అంత జాగ్రత్త.

కంపెనీ వాళ్ళు వేసిన రంగుల్లో అన్నీ గొప్పవి కావు. నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ప్రౌల్. డాట్సన్ 280జడ్‌ఎక్స్ కారు అచ్చు అది. దానిలోనే బ్లూస్ట్రీక్, ప్రౌల్, స్మోక్‌స్క్రీన్ ముగ్గురు వచ్చారు. స్మోక్‌స్క్రీన్‌కు 38 నంబరు వేసి రేసు కారు చేశారు, అది ఉత్సాహంగా ఉంటుంది. ప్రౌల్‌కు మాత్రం నలుపు తెలుపు వేసి, నెత్తిన లైటు పెట్టి పోలీసు కారు చేశారు. ఆ రెండు రంగులతో దానికి ఒక ఉద్యోగం వచ్చింది, ఉద్యోగంతో స్వభావం వచ్చింది. నిలబడ్డ తీరే మారినట్టు కనిపిస్తుంది, ఆ లైటు తప్ప అచ్చులో పెద్దగా ఏమీ మారకపోయినా. బ్లూస్ట్రీక్‌ను చూస్తే నాకు బాధ. పేరులో నీలం ఉంది, లోపల వచ్చింది వెండి రంగు.

నల్ల రంగు విషయంలో నేను కఠినంగా ఉంటాను. మంచివాడికి నలుపు వేస్తే చెడ్డ కవల సిద్ధం, ఇది చాలాసార్లు చేశారు. ట్రాన్స్‌ఫార్మర్లలో మంచివాళ్ళ నాయకుడు ఆప్టిమస్. 1995 నాటి ట్యాంకరు లారీ ఆప్టిమస్‌కు నలుపు వేసి 2000లో జపాన్‌లో, మరుసటి ఏడు స్కర్జ్ పేరుతో బయట తెచ్చినది మాత్రం నిజంగా భయం పుట్టిస్తుంది. రాత్రి హైవే మీద వెనక నుంచి వచ్చే ట్యాంకరు గుర్తొస్తుంది కాబట్టి. ఆ తరవాత వచ్చిన నల్లవాటిలో చాలావాటికి అలాంటి కారణం కనపడదు.

ఇంకొకటి చెప్పాలి. 2006లో జపాన్‌లో మాస్టర్‌పీస్ అనే వరుసలో కొత్త స్టార్‌స్క్రీమ్ వచ్చింది. దాన్ని కార్టూన్ రంగుల్లో కాకుండా నిజం యుద్ధవిమానంలా, ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగులో తెచ్చారు. ఆ ఫొటో తెర మీద చూసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మల్కాపురం ఎనామిల్ డబ్బాతో మా నాన్న పందొమ్మిదేళ్ళ ముందే వేసిన రంగు అది, ఛాయ ఒక్కటే కాస్త తేడా.

బొమ్మలు చూడ్డానికి నేను ట్యూబ్‌లైటు ఒప్పుకోను. ట్యూబ్‌లైటు కింద ఒకేలా కనిపించిన రెండు ఎరుపులు ఎండలోకి తెస్తే విడిపోతాయి. రంగు గుండల్లో తేడా ఉంటే అంతే. అందుకే మేడ మీద గదిలో సముద్రంవైపు కిటికీ దగ్గర బల్ల వేయిస్తాను, పదకొండు లోపల చూడ్డం అయిపోవాలంటాను. కారుగా ఉన్నప్పుడు బానెట్ మీద గీసిన చార తలుపు మీదికి తిన్నగా వెళ్తోందా చూస్తాను. అదే బానెట్ మనిషిగా మారితే ఛాతీ అవుతుంది, తలుపులు వీపున రెక్కలవుతాయి. అప్పుడు ఆ చార ముక్కలు ఎక్కడ పడ్డాయి? కారుగా అందంగా ఉన్న చార మనిషికి పిచ్చిగీతలా కనిపిస్తే అది సగం పనే. కీళ్ళ ప్లాస్టిక్ జారుడుగా ఉంటుంది, దాని మీద మామూలు రంగు నిలవదు. అది తెలిసి వదిలేశారా, తెలియక పూసేశారా అన్నది వేలికి తెలుస్తుంది. బంగారు పొడి కలిపి పోసిన ప్లాస్టిక్ బొమ్మ ఎవరైనా తెస్తే మాత్రం నేను మడవను. ఆ తొంభైల నాటి రకం కొన్నేళ్ళకు దానంతటదే గుల్లబారి, ముట్టుకుంటే బిస్కట్‌లా విరుగుతుంది. ఒకసారి ఒకాయన చేతిలోనే అలా జరగడం చూశాను. ఆయన ఆ ముక్కలు ఏరుకుంటుంటే గదిలో ఎవరం మాట్లాడలేదు.

మా ఊళ్ళో రంగు వేయడానికి కాలం చూసుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో గాలిలో తడికి లక్కర్ రంగు మీద తెల్లటి పొగలా పడుతుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున్న తొమ్మిది దాటాక మంచిది. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి కాబట్టి రంగు వేసేముందు విప్పి నూనె రాయమని అందరికీ చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పోయి, వాన నేరుగా నా బొమ్మల బీరువాలోకి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. నాన్న కొవ్వొత్తి వెలుగులో కూర్చుని ఒక్కో స్క్రూ విప్పి, తుడిచి, కాగితం పొట్లాల్లో కట్టి, ఏ పొట్లం ఏ బొమ్మదో పెన్సిల్‌తో రాశాడు. ఇరవై ఒక్క బొమ్మలు. ఒక్క స్క్రూ తప్పిపోలేదు.

నేను తీర్పు చెప్పడంలో ఒకసారి తప్పు చేశాను. మొదటి ఏడాది అది. తొమ్మిదో తరగతి పిల్లవాడు చిన్న బొమ్మకు కుంచెతో ఆకుపచ్చ వేసి తెచ్చాడు. "కుంచె గీతలు కనిపిస్తున్నాయి బాబూ" అని పక్కన పెట్టేశాను. వాడు మరుసటి ఏడు రాలేదు, ఆ తరవాతా రాలేదు. ఆ పోటీ రోజు రాత్రి ఇంటికి వచ్చి బూడిద విమానం బయటికి తీశాను. దాని మీద కూడా కుంచె గీతలున్నాయి. కానీ అన్నీ ముక్కు నుంచి తోక వైపే, గాలి వెళ్ళే దారినే ఉన్నాయి. నాన్న ఓడలకు అలాగే వేసేవాడు. పిల్లవాడి బొమ్మ మీద గీతలు ఎటు ఉన్నాయో నేను చూడనేలేదు. వాడికీ అలాంటి లెక్క ఏదో ఉండి ఉండొచ్చు. అప్పటి నుంచి కుంచె గీతలు కనిపిస్తే, అవి ఎటు పోతున్నాయో చూశాకే నోరు విప్పుతున్నాను.

ఈ ఏడాది పోటీ రెండు లారీల మధ్య వచ్చింది. ఒకటి నల్లది. వేసిన కుర్రాడు ఎయిర్‌బ్రష్ కొని ఏడాదే అయినా చెయ్యి చాలా సాఫు. పైన వేసిన క్లియర్ కోటులో మా మొహాలు కనిపిస్తున్నాయి. బల్ల చుట్టూ అందరూ దానివైపే చూస్తున్నారు. నేను భుజం తిప్పాను. టప్‌మని చిన్న శబ్దం వచ్చి గోరంత పెచ్చు ఊడి పేపరు మీద పడింది. లోపల అసలు ఎరుపు.

కుర్రాడి మొహం ఎర్రబడింది. "షెల్ఫులో పెట్టుకునేదాన్ని ఎవరు మడుస్తారన్నా?" అన్నాడు. కొందరు అతని పక్షాన మాట్లాడారు కూడా. ఇప్పుడు బొమ్మల ధరలు తెలిసినవాళ్ళు మడవడానికి భయపడతారు, అది నాకు అర్థమవుతుంది. కానీ నా మాట మీద నేను నిలబడ్డాను. "మడవనప్పుడు దీనికి ఇన్ని కీళ్ళెందుకు తమ్ముడూ? దీన్ని గీసినవాడు నెలల తరబడి ఆలోచించింది ఆ కీళ్ళ గురించే కదా. రంగు వాటిని ఆపేస్తే ఆయన పని మనం చెరిపేసినట్టే" అన్నాను. పెచ్చును పారేయకుండా తీసి అతని చేతిలో పెట్టాను, మందం వేలితో చూడమని. రెండు కోట్లు సరిపోయేచోట అయిదు వేశాడు.

రెండోది కంచరపాలెం నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. పెట్టె కూడా లేకుండా ఎవరి దగ్గరో కొన్న పాత లారీ బొమ్మ. వెలిసిపోయిన నీలం క్యాబిన్, దాని మీద ఎర్రటి దుమ్ము. పోర్టు రోడ్డులో పెరిగినవాళ్ళకు ఆ ఎరుపు చెప్పక్కర్లేదు, అది ఇనుప ఖనిజం దుమ్ము. పాత ఊళ్ళో ఆరేసిన బట్టల మీద, కిటికీ రెక్కల మీద పడేది అదే. ఆ పిల్ల దుమ్మును ఎక్కడ పడితే అక్కడ చల్లలేదు. చక్రాల వెనక, తలుపు అడుగున, మెట్టు మీద ఎక్కువ. అద్దం మీద వైపర్ తుడిచిన చోట అర్ధచంద్రంలా శుభ్రంగా వదిలింది. నేను దాన్ని మెల్లిగా విప్పాను. లారీగా ఉన్నప్పుడు బయట ఉండే పలకల మీదే దుమ్ము. విప్పాక బయటపడ్డ తొడలు, చేతుల లోపలివైపు, ఛాతీ శుభ్రంగా ఉన్నాయి. పనంతా చేసి స్నానం చేసిన మనిషిలా. కీళ్ళకు ఒక్క చుక్క రంగు లేదు. అసలు ప్లాస్టిక్ బూడిద రంగుకు సరిపడేలా మిగతా రంగులు ఎంచుకుంది. పదిసార్లు మడిచి విప్పినా ఒక్క గీత పడలేదు.

ఆమెకు మొదటి స్థానం ఇచ్చాను. ఆ దుమ్ము రంగు ఎలా కుదిరిందని అడిగితే, రైలు కట్ట పక్కన నుంచి కాగితంలో కాస్త దుమ్ము తెచ్చుకుని, ఎదురుగా పెట్టుకుని రంగు కలిపానంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస మీదుగా మా రేవుకు ఆ ఖనిజం వచ్చే రైలు మార్గం అరవైల్లో వేసిందే జపాన్‌కు పంపడానికి. ఎన్నో ఏళ్ళు అక్కడి ఉక్కు కొలుములకు ఇక్కడి నుంచి ఓడలు వెళ్ళాయి. నా నీలం విమానాన్ని పోసిన అచ్చు ఉక్కులో మా రేవు దాటిన ఖనిజం ఒక్క రవ్వయినా ఉండి ఉండొచ్చని నాకు నేను అనుకుంటాను. ఆ మాట ఆ రోజు గదిలో గట్టిగానే అన్నాను. నల్ల లారీ కుర్రాడు కూడా నవ్వాడు. వెళ్ళేటప్పుడు కీళ్ళకు వినైల్ డై, అంటే పైన పొరలా నిలవకుండా ప్లాస్టిక్‌కు పట్టే రంగు, ఎలా వాడాలో చెప్పమని ఆగాడు, గంటసేపు ఉన్నాడు.

ఇంటికి వచ్చి ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయనకు ఇప్పుడు డెబ్భై మూడు. దీపావళి వెళ్ళాక రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చాలా ఏళ్ళుగా ఆయనకు అన్నీ పసుపు గాజులోంచి చూసినట్టు కనిపించేవట, నెమ్మదిగా వచ్చిన మార్పు కావడంతో ఆయనకే తెలియలేదు. శుక్లం ముదిరితే ముందు తగ్గిపోయేది నీలమేనని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ అయిన వారం ఆయన అమ్మ చీరలన్నీ కొత్తగా ఉన్నాయన్నాడు, మేడ ఎక్కి సముద్రం చూసి వచ్చాడు.

ఖనిజం దుమ్ము లారీ గురించి విని, "కీళ్ళు ఒగ్గీసిందా? మంచి పిల్ల" అన్నాడు. తరవాత మన విమానం ఏదని అడిగాడు. బీరువాలోంచి తీసి ఇచ్చాను. ఒక పిడికిలి క్వార్టర్స్ కాలవలో ఎప్పుడో పోయింది, రంగు అక్కడక్కడా పాలిపోయింది. పల్చబడ్డ ఎడమ రెక్కను బొటనవేలితో ఒకసారి రాశాడు. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకు పెట్టి, మెల్లిగా భుజం తిప్పాడు.

"ఒరే నానా, ఇది ఇంత నీలంగా ఉండేదేటిరా?"

ఉండేదని చెప్పాను. ఆయన రెండో భుజం కూడా తిప్పి చూశాడు.